కావలసినంత ఇసుక

1985 ఆగస్టు 6, మంగళవారం

నా పేరు సుబ్బులమ్మ. వయసు డెబ్బై, ఒకటి రెండు అటూ ఇటూ. చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు మునిలక్ష్మి రాస్తోంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. నా మాటను బడి మాట చేసి రాస్తుంది. ఆఫీసర్ల ముందు అదే నిలబడుతుందట. సరే అన్నాను. ఎవరైనా మాట్లాడిన మాట మాత్రం మాట్లాడినట్టే ఉంచమన్నాను.

ఇది ఇసుక లారీల మీద నేను పెట్టిన కేసు. విచారణకు పిలిచిన రోజు నోరు తడబడకుండా ముందే చెప్పి పెట్టుకుంటున్నాను. వేరే ఎవరూ చదవడానికి కాదు.

ఈ డైరీ నా కొడుకు దామోదరానిది. జనవరిలో శ్రీకాళహస్తి ఎరువుల అంగడి వాళ్ళు వాడి పేరు మీద పంపారు. మనిషి నవంబరులోనే పోయాడని వాళ్ళకెవరు చెబుతారు? ఏడు నెలలు అటక మీద ఉంది. మొన్న నేనే దించమన్నాను.

మా ఊరికి స్వర్ణముఖే బావి. ఏటిలో నీళ్ళు పారేది వానల్లో కొన్నాళ్ళే, మిగతా ఏడాదంతా ఇసుక కింద దాగి ఉంటాయి. మూరెడు తవ్వితే ఊరుతాయి. ఆ గుంటే చెలమ. గంగమ్మ జాతరకు మొదటి బిందె కొత్త చెలమ నుంచి తేవాలి. దాన్ని మా ఇంటి పెద్ద ఆడమనిషి ఒట్టి చేతులతో తవ్వాలి. యాభై ఏళ్ళుగా నేనే తవ్వుతున్నాను. పీర్ల పండగ ఆఖరి రోజు సాయిబులు పీర్లను కడిగేదీ ఆ నీళ్ళతోనే. చర్చి వాళ్ళు బాప్తిస్మం ఇచ్చేదీ ఆ పక్క మడుగులోనే.

మూడేళ్ళ కిందట మూరెడు. నిరుడు నిలువు లోతు. ఈ ఏడు పోయిన నెలలో ఆడి జాతరకు నిచ్చెన వేసుకుని దిగాను. అడుగున బంకమన్ను తగిలింది. బిందె నిండలేదు. చెంబుతోనే తల్లి దగ్గరికి పోయాను.

మూడేళ్ళుగా కంట్రాక్టరు దొరస్వామి లారీలు మా రేవు నుంచి ఇసుక తోలుతున్నాయి. మద్రాసుకట. నిరుడు తుపాను వరద తగ్గిన మూడో నాడు, మోకాటి లోతు నీళ్ళలో నా కొడుకు రేవు దాటబోయాడు. నడక నేర్చినప్పటి నుంచి దాటిన దారి. నీళ్ళ కింద లారీలు చేసిన గుంట ఉంది. పైకి ఏమీ తెలియలేదు.

దొరస్వామి దగ్గర ఒక కాగితం ఉంది. దాని మీద నా వేలిముద్ర ఉంది. గంగమ్మ గుడి కట్టడానికి ఐదు బండ్ల ఇసుక తోలుకోమని వేసిన ముద్ర. ఐదు బండ్లు. ఇక్కడ రాసింది మునిలక్ష్మిని చదవమన్నాను. చదివింది. ఐదు బండ్లు.

ఆగస్టు 7, బుధవారం

ఐదు బండ్లే. నిన్నటి మాటే. మళ్ళీ రాయించాను.

ఆగస్టు 11, ఆదివారం

చర్చి ఉపదేశి దేవసహాయం రమ్మని కబురు పెట్టాడు. ఆరాధన అయిపోయాక చర్చి ఆవరణలో కూర్చున్నాం. పీర్ల చావిడి చూసుకునే ముజావరు మస్తాన్ సాబు వచ్చాడు. మా గంగమ్మ పూజారి వరదయ్య గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"లోపలికి రాప్పా. చెప్పులిడిస్తే సాలు, మతం ఇడవాల్సిన పన్లేదు" అన్నాడు దేవసహాయం.

"నేనీడనే ఉంటా. నా చెవులు లోపలే ఉండాయిలే, మాట్లాడండి" అన్నాడు వరదయ్య.

దేవసహాయం చెప్పుకొచ్చాడు. "మొన్న పదకొండు మందికి బాప్తిస్మం. మడుగులో మోకాలు కూడా మునగలే. ఒక్కొక్కర్ని పండుకోబెట్టి చెంబుతో పోసినా. దేవుడు ఒప్పుకున్నాడో, నవ్వుకున్నాడో."

"నీకు చెంబన్నా దొరికింది" అన్నాడు మస్తాన్ సాబు. "వచ్చే నెల పీర్లు లేస్తాయి. బోరింగు నీళ్ళతో కడిగితే మా తాత సమాధిలో నుంచి లేసొచ్చి నన్ను తంతాడు."

లారీలు ఏటిలోకి దిగే దారికి అడ్డంగా కూర్చోవాలని అందరూ ఒప్పుకున్నారు. ఏ రోజు ఎవరు అన్న దగ్గర గొడవ మొదలైంది. శుక్రవారం నమాజు. ఆదివారం ఆరాధన. మంగళవారం గంగమ్మ వారం, పొంగళ్ళు పెట్టాలి. పొద్దు నడినెత్తికి వచ్చినా తెగలేదు.

"మీ దేవుని దినం మేం కూసుంటాం. మా తల్లి దినం మీరు కూసోండి. ఇంత దానికి ఇంత సేపా?" అన్నాను.

అప్పుడు వరదయ్య గేటు దాటి లోపలికి వచ్చాడు. చెప్పులు మాత్రం చేత్తోనే పట్టుకున్నాడు.

ఆగస్టు 13, మంగళవారం

మా వారం కనుక రేవులో సాయిబులు, చర్చి వాళ్ళు కూర్చున్నారు. నన్ను రావద్దన్నారు. నేను వినను. తల్లికి పొంగలి పొద్దున్నే పెట్టి వచ్చేశాను.

మొదటి లారీ వచ్చింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"అవ్వా, లెయ్యి. మాకు టయిమవతా ఉండాది."

"ఎక్కించు నాయనా. నా కొడుకు పోయిన దారే. నాకేం కొత్తా?"

వాడు ఇంజను ఆపేశాడు. దిగి బీడీ ముట్టించాడు. కాసేపటికి తాగడానికి నీళ్ళున్నాయా అని అడిగాడు. మస్తాన్ సాబు భార్య చెంబు ఇచ్చింది.

"తాగబ్బా. నువ్వు తవ్వేసిన యేటి నీళ్ళే. అడుగున మన్నుంటాది, అది మాత్రం ఇడిసిపెట్టు" అన్నాను.

మన్నుతో సహా తాగేశాడు. లారీని వెనక్కి తిప్పుకుని పోయాడు.

సాయంత్రం దాకా చర్చి వాళ్ళు కీర్తనలు పాడారు. పొంగళ్ళు ముగించి వచ్చిన మా ఆడవాళ్ళు ఊరుకుంటారా, గంగమ్మ పాట ఎత్తారు. ఏ పాటకైనా మస్తాన్ సాబు కిరసనాయిలు డబ్బా మీద ఒకే దరువు వేశాడు. ఆయనకు వచ్చింది అదొక్కటే.

ఆగస్టు 27, మంగళవారం

పదిహేను రోజులు. ఒక్క లారీ దిగలేదు. ఇవాళ మునిలక్ష్మి నవ్వింది, నవంబరు తర్వాత మొదటిసారి. ఆ మాట రాయనంది. రాయించాను.

సెప్టెంబరు 2, సోమవారం

దొరస్వామి ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఆపిల్ పళ్ళు తెచ్చాడు. వాటిని అక్కడే ఉంచమన్నాను.

"దామోదరం నాకు తమ్ముడట్లాంటోడమ్మా. నా మనసు కోసకపోతా ఉండాది."

"కోసకపోయినోడివి యేట్లో గుంటలు పూడ్సు."

"నేనెవురికి అన్యాయం చేసినానో చెప్పు. గంగమ్మకు గుడి కట్టించినా. చర్చికి గోడ పెట్టించినా. పీర్లకు అరుగేయించినా. ముగ్గురూ నాకు కాగితాలిచ్చినారు. ఇంకా గుడికి శిఖరం మిగిలుండాది. పని జరగతా ఉన్నన్నాళ్ళూ కాగితం నడస్తా ఉంటాది. అది రూలు."

మూడేళ్ళయింది. గోడలు లేచాయి, కప్పు పడింది. శిఖరానికని గుడి పక్కన ఇసుక కుప్ప పోసి పెట్టి, మేస్త్రీని పంపనే లేదు. ఎందుకు పంపలేదో ఇవాళ తెలిసింది.

పోతూ పోతూ అన్నాడు. "ఆ కాగితం రాసిన చెయ్యి యెవురిదో మీ కోడల్ని అడుగు."

అడగాల్సిన పని లేదు. రాసింది మునిలక్ష్మే. ఆ రోజు ఇంట్లో రాత వచ్చిన మనిషి అదే. దొరస్వామి చెప్పాడు, అది రాసింది. తప్పు చెప్పినవాడిది. నేను ఐదు బండ్లు అన్నాను, వాడు ఇంకొకటి రాయించాడు.

ఇది రాస్తున్నంత సేపూ మునిలక్ష్మి తల ఎత్తలేదు. ఆపిల్ పళ్ళు మేకలకు వేశాను.

సెప్టెంబరు 12, గురువారం

విచారణాధికారి రేవులోకే వచ్చాడు. చిన్న వయసు, కళ్ళద్దాలు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఏటిలో గుంటలన్నీ నడిచి చూశాడు, బూట్లు పాడయ్యాయి. మంచివాడే అనుకున్నాను.

దొరస్వామి కాగితాలు ఇచ్చాడు. ఆయన పైకి చదివాడు.

"గంగమ్మ గుడి పనికి కావలసినంత ఇసుక దొరస్వామి గారు లారీలలో తోలుకొనుటకు మాకు అభ్యంతరము లేదు." కింద నా వేలిముద్ర.

రెండోది. చర్చి గోడకు కావలసినంత ఇసుక. దేవసహాయం సంతకం.

మూడోది. పీర్ల చావిడి అరుగుకు కావలసినంత ఇసుక. మస్తాన్ సాబు సంతకం.

మూడు కాగితాలు ఇచ్చారని అందరికీ తెలుసు. మూడింటిలోనూ ఒకే మాట ఉందని ఎవరికీ తెలియదు.

"గుడి పని పూర్తయిందా?" అని అడిగాడు అధికారి.

"శిఖరం ఉండాది సార్" అన్నాడు వరదయ్య.

"చర్చి?"

"వెనక గోడకు పూత మిగిలింది."

"చావిడి?"

"మెట్లు" అన్నాడు మస్తాన్ సాబు, తనకే వినబడనంత మెల్లగా.

"మీ పనులు మీరే ముగించలేదు. ఆయన్ని నేనెట్లా ఆపేది?" అన్నాడు. ముప్పయ్యో తేదీ శ్రీకాళహస్తికి రమ్మన్నాడు. వెళ్ళబోతూ నా వైపు తిరిగాడు. "ఎంత ఇసుక అనుకుని ముద్ర వేశావమ్మా?"

"పది బండ్లు సామీ."

మునిలక్ష్మి నా ముఖంలోకి చూసింది.

సెప్టెంబరు 13, శుక్రవారం

ఐదు. నిన్న గుంపులో నోరు జారింది.

సెప్టెంబరు 15, ఆదివారం

అయిపోయింది. రేవులోనే జుట్టు జుట్టు పట్టుకున్నారు.

"మొదట కాగితమిచ్చింది మీ గుడి గదా" అన్నారు ఆరాధన ముగించుకుని వచ్చిన చర్చి వాళ్ళు. "గుడికి శిఖరం లేకుంటే జరగదు, గోడకు పూత లేకుంటే వాన లోపలికొస్తాదా?" అన్నాడు వరదయ్య. "ఎవరి పని వాళ్ళు ఆపుకోండి, మా మెట్లు రొండే రొండు" అన్నారు సాయిబులు. మధ్యాహ్నానికి నేను, మునిలక్ష్మి ఇద్దరమే మిగిలాం.

లారీలు వచ్చాయి. ముందు బండి నడిపింది ఆ రోజు నీళ్ళు తాగిన డ్రైవరే. దిగి దండం పెట్టాడు. "తప్పుగా అనుకోవాకవ్వా" అని నన్ను రెండు చేతులతో ఎత్తి, నిండు కుండను దించినట్టు పక్కన కూర్చోబెట్టాడు.

పద్నాలుగు లారీలు నా ముందు నుంచి ఏటిలోకి దిగాయి.

సెప్టెంబరు 26, గురువారం

పీర్ల పండగ ఆఖరి రోజు. తెల్లవారుతూనే చెలమ తవ్వడానికి దిగాను. ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా అది నా పని.

భుజం దాకా చెయ్యి పెట్టాను. బంకమన్ను వచ్చింది. గోళ్ళు విరిగాయి. ఇంకో చోట తవ్వాను. అక్కడా అంతే. మస్తాన్ సాబు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చేతిలో ఖాళీ బిందె. గొడవ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు.

"ఇంక సాలించక్కా" అన్నాడు. "బోరింగు కాడికి పోతాంలే."

"మీ తాత తంతాడన్నావే."

"తన్ననీ. నాకు తగలాల్సిందే. దొరస్వామి అడిగినాడక్కా నన్ను. ఎన్ని బండ్లని రాయాల సాబూ అని. పీర్ల పనికి లెక్కేందప్పా, లెక్క పెడితే అపచారం అన్నా. నా నోటితో నేనే అన్నా."

బిందె మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆయన్ని ఊరుకోబెట్టలేదు. ఇంటికి వచ్చేశాను.

మునిలక్ష్మీ, ఇప్పుడు చెప్పేది ఆగకుండా రాయి.

ఆ రోజు దొరస్వామి అరుగు మీద ఉన్నాడు. నువ్వు కాగితం పట్టుకుని, "ఎన్ని బండ్లని రాయాల అత్తా?" అని అడిగావు. దామోదరం గడపలో నిలబడి తల తుడుచుకుంటున్నాడు. "ఐదని రాయి, సాలు" అన్నాడు. నేను వాడి మీద లేచాను. "తల్లి పనికి లెక్క పెడతావా? బిక్షమేస్తా ఉండావా ఆమెకు? లెక్క రాయొద్దు మునిలక్ష్మీ. ఎంత కావాలంటే అంత అని రాయి" అన్నాను. వాడు తువ్వాలు భుజాన వేసుకుని చేనికి పోయాడు.

ఐదు బండ్లు నా మాట కాదు. వాడి మాట. వాడు పోయాక ఆ మాటను నేను తీసుకున్నాను.

సెప్టెంబరు 27, శుక్రవారం

నిన్న ఇక్కడి దాకా రాసి మునిలక్ష్మి కలం మూసేసింది. అన్నం వండింది, నాకు పెట్టింది, తాను తినలేదు. ఇవాళ పొద్దున తానే డైరీ తీసుకుని వచ్చి కూర్చుంది.

"నీకు తెల్సు గదా" అన్నాను.

"తెల్సు."

"ఇన్ని దినాలు ఐదు ఐదు అని నేను చెప్తా ఉంటే రాస్తా వచ్చినావే. ఒక్కసారన్నా కాదనలేదే?"

కలం మూత తిప్పింది.

"ఆయన మాట నీ నోట్లో అన్నా ఉండనీలే అనుకున్నా" అంది.

సెప్టెంబరు 28, శనివారం

మూడు ఇళ్ళకూ పోయాను. నేను చేసింది చెప్పాను. దాచుకోలేదు. దేవసహాయం మంచం మీద నుంచి దిగి నేల మీద కూర్చున్నాడు. "నేనూ అదే అన్నానమ్మా. దేవుని మందిరానికి కొలత పెట్టరాదని సంఘంలో ప్రసంగం కూడా చేసినా" అన్నాడు.

దారి ఒక్కటే ఉంది. మా పనులు అయిపోయాయి, మాకు ఇంక ఇసుక అక్కర్లేదు అని ముగ్గురూ రాసి ఇవ్వాలి. శిఖరం ఉండదు, పూత ఉండదు, మెట్లు ఉండవు. అట్లాగే ఉండిపోవాలి.

మస్తాన్ సాబు వెంటనే ఒప్పుకున్నాడు. "అరుగెక్కలేని ముసిలోళ్ళను ఎత్తి కూసోబెడతాంలే." దేవసహాయం సంఘాన్ని అడగాలన్నాడు, సాయంత్రానికి అడిగి వచ్చాడు. తిప్పలు పెట్టింది మావాడే.

"శిఖరం లేని గుళ్ళో తల్లిని ఎట్లుంచేదమ్మా? ఊరికి అరిష్టం" అన్నాడు వరదయ్య.

"ఇన్నేండ్లు కొట్టం కింద ఉండింది గదా. ఎప్పుడన్నా శిఖరమడిగిందా?"

"అప్పుడు గుడే లేదు. ఇప్పుడు సగం గుడి. సగం పని పాపం."

"యేరు సగం పోయింది వరదయ్యా. నా ఇల్లు సగం పోయింది. ఆ పాపం నా మింద రాసుకో. అరిష్టమొస్తే మా గడపకు రమ్మని తల్లికి చెప్పు. ఈడ ఇంక పోయేదేముండాది?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

సెప్టెంబరు 30, సోమవారం

శ్రీకాళహస్తి పోయాం. బస్సులో వరదయ్య మా వెనక సీట్లోనే ఉన్నాడు. మేం మాట్లాడించలేదు.

అధికారి ముందు నేను లేచి చెప్పాను. "సామీ, మొన్న పది బండ్లన్నాను. అబద్ధం. ఐదన్నదీ అబద్ధం. ఐదన్నది సచ్చిపోయిన నా కొడుకు. లెక్క రాయొద్దన్నది నేను. రాసింది నా కోడలు, నా మాట మీద. గుడి పని అయిపోయింది. మా తల్లికి ఇంక ఇసక వద్దు."

తర్వాత మస్తాన్ సాబు. తర్వాత దేవసహాయం. అధికారి పూజారి ఎవరని అడిగాడు. వరదయ్య లేచాడు. "శిఖరం అక్కర్లేదు సార్" అన్నాడు. అని, అక్కడే బెంచీ మీద కూలబడిపోయాడు.

మా రేవులో లారీలు దిగరాదని ఆర్డరు రాశారు. దొరస్వామి నాకు దండం పెట్టి వెళ్ళాడు. ఎందుకో అర్థం కాలేదు.

అక్టోబరు 15, మంగళవారం

పై ఊళ్ళో ఆంజనేయస్వామి గుడికి పునాది తీశారట. సిమెంటు, రాయి దొరస్వామివట. లారీలు అక్కడి రేవులో దిగుతున్నాయి. ఏరు ఒక్కటే కదా. పైన తీస్తే కింద మాకేం మిగులుతుంది?

నలుగురం పోయి చెప్పి వచ్చాం. వాళ్ళ పెద్దమనిషి విన్నాడు. మజ్జిగ ఇచ్చాడు.

"మీ దేవుళ్ళకందరికీ ఇండ్లయినాయి గదమ్మా. మా సామి కాడికి వచ్చేసరికి యేరు గుర్తొచ్చిందా?" అన్నాడు.

"కాగితమిచ్చేసినారా?" అని అడిగాను.

"ఇచ్చేసినాం."

"ఎంతని రాసినారు?"

"సామి పనికి లెక్క పెట్టుకుంటామా?"



అక్టోబరు 22, మంగళవారం

శిఖరానికని పోసిన ఇసుక గుడి పక్కన అట్లాగే ఉంది. ఇవాళ గంప తీసుకుని ఎత్తి, రేవులో నా కొడుకు పోయిన గుంటలో పోశాను. నాకు ఇరవై దాటి లెక్క రాదు. మునిలక్ష్మిని గట్టు మీద కూర్చోబెట్టి గీతలు పెట్టమన్నాను. ముప్పై ఒక్క గంప. నడుము పట్టేసింది.

అక్టోబరు 24, గురువారం

చర్చి వాళ్ళు పూతకని ఉంచిన వాళ్ళ కుప్ప తెచ్చారు. సాయిబులు మెట్లకని ఉంచిన వాళ్ళది తెచ్చారు. వరదయ్య తలగుడ్డ చుట్టుకుని రెండు గంపలు ఒకేసారి మోశాడు. పాటలు లేవు. డబ్బా లేదు. గంప పోసిన ప్రతి మనిషీ మునిలక్ష్మి దగ్గర ఆగి, గీత పెట్టిందో లేదో చూసి పోతున్నారు.

నవంబరు 5, మంగళవారం

మూడు కుప్పలూ అయిపోయాయి. నాలుగు వందల పన్నెండు గంపలు. వానలు మొదలయ్యాయి. వరద వస్తే కనబడేటట్టు ప్రతి గుంట చుట్టూ వెదుళ్ళు నాటాం. గంగమ్మ పసుపు గుడ్డ, పీర్ల పచ్చ గుడ్డ, చర్చి తెల్ల గుడ్డ, ఏది చేతికి వస్తే అది కట్టారు.

నవంబరు 12, మంగళవారం

దామోదరం పోయి ఏడాది. పిండం రేవులోనే పెట్టాను. ఏరు పారుతోంది, మోకాటి లోతు. పైకి చూస్తే అంతా ఒకటే. గుడ్డలు కట్టిన వెదుళ్ళు మాత్రం నీళ్ళలో ఊగుతున్నాయి.

నిరుడు వాణ్ణి వెతికిన వెదురు ఇంటి వెనక చూరులో దోపి ఉంది. ఎంత లోతున తగిలాడో అక్కడ ఆ రోజే ఎవరో కొడవలితో గాటు పెట్టారు. దాన్ని తెమ్మన్నాను. మునిలక్ష్మి నడుముకు తాడు కట్టుకుంది. తాడు ఒక కొస మస్తాన్ సాబు, ఒక కొస వరదయ్య పట్టుకున్నారు. గుంట అంచు దాకా పోయి వెదురు అడుగు తగిలేదాకా దించింది. నీళ్ళు గాటు దాకా వచ్చి ఆగాయి. గాటు కింద ఒక్క వేలెడు కూడా తడవకుండా మిగలలేదు. గుంట నిరుటి లోతే ఉంది.

నాలుగు వందల పన్నెండు గంపలు.

ఇంటికి వచ్చి తల తుడుచుకుని, డైరీ తీసింది. కలం పట్టుకుని నా వైపు చూసింది.

"రాయాల్నా అత్తా?"

"రాయి" అన్నాను. "ఎంతుండాదో అంత రాయి."